పెంకులతో పేర్చిన కొండ



రోమ్ పురావస్తు తవ్వకాల మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, పాంపేయి గురించో కొలోసియం గురించో చెబుతానని వాళ్ళు అనుకొని ఉంటారు. ఆ రెండింటి బొమ్మలూ మీరు చూడనివి కావు. నేను ఈ సాయంత్రం ఒక చెత్తదిబ్బ గురించి చెప్పబోతున్నాను. మాకు చదువు చెప్పిన మాస్టారిని ఎరిగినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. చక్రవర్తుల పట్టీ గడగడా అప్పజెప్పే విద్యార్థిని ఆయన మధ్యలోనే ఆపేసేవారు. “సరే, మరి ఊరికి తిండి ఎక్కణ్ణించి వచ్చేదో చెప్పు,” అనేవారు. మాలో ఎవరికీ జవాబు తెలిసేది కాదు. ఆ జవాబులో కొంత రోమ్ నగరంలోనే గుట్టగా పోసి ఉంది.

దాని పేరు మోంటె టెస్టాచో. నగరానికి దక్షిణాన, అవెంటైన్ కొండ దిగువన, టైబర్ నది ఒడ్డుకు దగ్గర్లో ఉంటుంది. ఒకవైపు పాత కబేళా. మరోవైపు కీట్స్, షెల్లీలను పాతిపెట్టిన శ్మశానం, దాని పక్కనే కెస్టియస్ అనే రోమన్ పెద్దమనిషి సమాధిగా కట్టుకున్న పిరమిడ్. దూరం నుంచి చూస్తే గడ్డీ తుప్పలూ పెరిగిన మామూలు గుట్టే. ఎత్తు దాదాపు 35 మీటర్లు, చుట్టుకొలత ఇంచుమించు ఒక కిలోమీటరు. రోమ్‌లోని ఏడు కొండల లెక్కలో ఇది చేరదు. ఎందుకంటే ఇది కొండే కాదు. కిందినుంచి పైదాకా పగలగొట్టిన నూనె జాడీల పెంకులు. మట్టి ఉన్నది పైన గడ్డి మొలిచినంత మేరకే. దారి మీద అడుగేస్తే కాలికింద పెంకులు కరకరమంటాయి.

ఎన్ని జాడీలు? పండితుల లెక్కలు కలవవు. 2 కోట్ల 50 లక్షలని కొందరు, 5 కోట్లకు పైమాటేనని కొందరు. చిన్న లెక్కనే పట్టుకున్నా మనం మాట్లాడుతున్నది కోట్లలో. వీటిలో నూటికి ఎనభైకి పైగా ఒకే రకం, ఒకే ప్రాంతానివి. దక్షిణ స్పెయిన్‌లో ఇప్పటి గ్వాదల్కివీర్ నది లోయ ఆ ప్రాంతం. రోమన్లు ఆ రాష్ట్రాన్ని బెటికా అనేవారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఉత్తర ఆఫ్రికావి, ఇప్పటి లిబియా, ట్యునీషియా తీరాల నుంచి వచ్చినవి. వీటన్నిటిలో వచ్చింది దాదాపుగా ఒకే సరుకు, ఆలివ్ నూనె.

బెటికా జాడీని కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. గుండ్రటి పొట్ట, పొట్టి మెడ, మెడకు అటూ ఇటూ రెండు లావాటి పిడులు, అడుగున చిన్న మొటిమ. నిలబెడితే నిలవదు, ఓడలో ఒకదాని భుజాల మధ్య ఇంకొకటి ఒదిగేటట్టు పేరుస్తారు. ఖాళీగానే దాదాపు 30 కిలోలు తూగుతుంది, అందులో పట్టే నూనె మరో 70 కిలోలు. అంటే నిండు జాడీ ఒక క్వింటాలు. హమాలీలు ఇద్దరు కావిడి కర్రకు వేలాడదీసుకుంటే తప్ప ఒకడి వల్ల కదిలే సరుకు కాదు.

అంత కష్టపడి చేసి, అంత దూరం తెచ్చిన పాత్రను ఎందుకు పగలగొట్టారు? మన ఆవకాయ జాడీకి లోపలా బయటా మెరుగుపూత ఉంటుంది. కడిగి ఎండబెడితే మరుసటేడు మళ్ళీ పనికొస్తుంది. ఈ జాడీకి ఆ పూత లేదు. ఉత్త కాల్చిన మట్టి కాబట్టి నూనె గోడలోకి ఇంకిపోతుంది, కొన్నాళ్ళకు మక్కువాసన పడుతుంది. అందులో ఇంకే సరుకు పోసినా చెడుతుంది. తిరిగి స్పెయిన్‌కు పంపుదామంటే రవాణా ఖర్చుకు కొత్త జాడీయే వస్తుంది. రోమన్లు పాత కుండలను నలగ్గొట్టి సున్నంలో కలిపి గచ్చు చేసేవారు, కానీ నూనె పట్టిన పెంకు సున్నంతో సరిగా కలవదు. ఆఫ్రికా జాడీ సన్నగా పొడుగ్గా ఉంటుంది, చిన్న ముక్కలవుతుంది. ఈ స్పెయిన్ జాడీ మాత్రం పెద్ద పెద్ద వంపు ముక్కలుగా పగులుతుంది, పొడి చేయడం కూడా చాకిరీయే. ఏ దారీ లేక గుట్టకెక్కింది.

చెత్త అన్నాను గానీ ఇది ఎవరు పడితే వాళ్ళు తెచ్చి పడేసిన చెత్త కాదు. గుట్టను మెట్లు మెట్లుగా లేపారు. ప్రతి మెట్టు అంచునా అడుగులూడిన జాడీలను, పెంకులు నింపి, వరసగా పేర్చి అడ్డుగోడ కట్టారు. ఆ గోడ వెనక కొత్త పెంకులు పోశారు. మక్కువాసన రాకుండా పైన సున్నం చల్లారు. ఆ సున్నమే తర్వాత పెంకులను పట్టి ఉంచింది, గుట్ట జారిపోకుండా కాపాడింది. నిండు జాడీలను నది ఒడ్డు గోదాముల దగ్గర దింపి, నూనెను వేరే పాత్రల్లోకి వంపుకున్నాక, ఖాళీవాటిని గాడిదల మీదనో కంచరగాడిదల మీదనో ఎక్కించి, పైకి తెచ్చి అక్కడే పగలగొట్టేవారు. దీనికి కూలీలు కావాలి, మేస్త్రీ కావాలి, ఇవాళ ఏ మెట్టు మీద పోయాలో చెప్పే అధికారి కావాలి. మన పురపాలక సంఘాలు డంపింగ్ యార్డుల విషయంలో ఈపాటి శ్రద్ధ చూపిస్తే బాగుండునని ఎవరికైనా తోస్తే ఆ తప్పు నాది కాదు.

మధ్యయుగాల్లో దీని గురించి ఒక కథ ఉండేది. దేశదేశాల రాజులు రోమ్‌కు కప్పం పంపిన జాడీలను ఇక్కడ పగలగొట్టారని, రోమ్ ఏలుబడికి ఈ కొండే సాక్ష్యమని చెప్పుకునేవారు. విజేతల ఊళ్ళో అలాంటి కథలు సులువుగా మొలుస్తాయి. ఆ కథను పక్కకు నెట్టి పెంకును పెంకుగా చదివినవాడు హైన్రిక్ డ్రెసెల్. రోమ్‌లోనే పుట్టిన జర్మన్, చరిత్రకారుడు మొమ్‌సెన్ దగ్గర పని నేర్చినవాడు. 1872లో ఈ గుట్ట మీద పని మొదలుపెట్టాడు. అప్పటిదాకా పండితుల దృష్టి పిడుల మీది ముద్రల మీదే ఎక్కువగా ఉండేది. డ్రెసెల్ పట్టించుకున్నది సిరా రాతలను. భుజం మీద, మెడ కింద, పిడి పక్కన కలంతో కుంచెతో నల్లగా రాసిన గిలుకు అక్షరాలు. అవి కొట్టొచ్చినట్టు కనిపించవు. మట్టి కడిగేటప్పుడు చెయ్యి జారితే సిరా కూడా పోతుంది. ఆయన వాటిని నకలు తీసి, చదివి, లాటిన్ శాసనాల మహాసంపుటిలో పదిహేనో భాగంగా 1899లో అచ్చువేశాడు. జాడీల ఆకారాలన్నిటికీ నంబర్లు వేసి ఒక పట్టిక కూడా గీశాడు. ఆ పట్టికలో ఈ గుండ్రటి జాడీ 20వది. ఇప్పటికీ బ్రిటన్‌లోని సైనిక శిబిరంలో పెంకు దొరికినా, జర్మనీలో రైను ఒడ్డున దొరికినా తవ్వకందారులు డ్రెసెల్ 20 అనే అంటారు.

ఆ సిరా రాతల్లో ఏముంది? పైన ఒక అంకె, అది ఖాళీ జాడీ బరువు. దాదాపు 90 రోమన్ పౌన్లు ఉంటుంది. దాని కింద ఒక పేరు, నూనెను ఎగుమతి చేసిన వ్యాపారిది. దాని కింద ఇంకో అంకె, అది నూనె బరువు, 215 పౌన్లకు అటూ ఇటూగా. ఆ పక్కన పిడి దగ్గర ఏటవాలుగా, వేరే చేతిరాతలో, గొలుసుకట్టుగా తనిఖీ చీటీ. ఏ నగరంలో తనిఖీ అయింది, మళ్ళీ తూస్తే ఎంత తేలింది, తూచింది ఎవరు, రాసుకున్నది ఎవరు, ఆ ఏడు కాన్సల్ పదవిలో ఉన్నవాళ్ళెవరు. ఇప్పటి కోర్దోబా, సెవిల్, ఎసిహా నగరాల పాత పేర్లు కోర్డుబా, హిస్పాలిస్, ఆస్టిగి అందులో మళ్ళీ మళ్ళీ వస్తాయి. కాన్సల్‌లు ఏటేటా మారతారు, కాబట్టి వాళ్ళ పేర్లున్నాయంటే సంవత్సరం తెలిసినట్టే. రెండో శతాబ్దం మధ్య నుంచి మూడో శతాబ్దం మధ్య దాకా, ఏడాది తేదీ వేసిన పత్రాలు ఇంత దండిగా రోమన్ ప్రపంచంలో ఇంకెక్కడున్నాయో వెతకాలి. ఈజిప్టు ఇసుకలోని పపైరస్ కాగితాలు గుర్తొస్తాయి. అవి కూడా ఎక్కువగా చెత్తకుప్పల్లో దొరికినవే.

ఇందులో నాకు నచ్చేది తనిఖీ గుమస్తా. నది రేవులో ఎండలో కూర్చొని, ఒక్కో జాడీ తూయించి, నాలుగు గీతలు బరికాడు. ఆ గీతలను రోమ్ రేవులో మరో గుమస్తా ఒక్కసారి చదివి సరిచూసుకుంటాడు. ఆ తర్వాత జాడీ పగులుతుంది. తన రాత మూడో మనిషి చదువుతాడని వాడికి తోచి ఉండదు, కాబట్టి అందులో డాబు లేదు. పాలరాతి శాసనం చెక్కించినవాడు మనకోసం, అంటే రాబోయేవాళ్ళకోసం, చెక్కించాడు. గొప్పలు కోసుకోకుండా ఉంటాడా? మన దానశాసనాల్లోనూ అంతే. అలాగని వాటిని తోసిపుచ్చలేం గానీ, రెంటినీ ఒకే తక్కెడలో తూయకూడదు.

పిడి మీది ముద్ర కాల్చక ముందు పచ్చిమట్టిలో వేసింది, దాని కథ వేరు. గ్వాదల్కివీర్ ఒడ్డు పొడుగునా ఈ జాడీల బట్టీలు వరసగా ఉండేవి. నూనెను తోటల నుంచి తోలు తిత్తుల్లో నది దాకా తెచ్చి, అక్కడ బట్టీ పక్కనే జాడీల్లో నింపేవారు. అంతంత బరువు జాడీని ఖాళీగా అయినా కొండదారుల్లో మోయించడం అర్థంలేని పని కదా. పడవల్లో సెవిల్‌కు, అక్కణ్ణించి సముద్రపు ఓడల్లో టైబర్ నదీముఖంలోని రేవులకు, అక్కణ్ణించి మళ్ళీ బల్లకట్టు పడవల్లో ఎదురు ప్రవాహంలో నగరానికి. నది ఒడ్డు బట్టీల శిథిలాల్లో దొరికిన ముద్రా, రోమ్ గుట్టలోని పెంకు మీది ముద్రా ఒకటే అయినప్పుడు ఆ దారి రెండు కొసలూ మన చేతికందుతాయి.

ఈ నూనెలో పెద్ద వాటా రాజధాని సరఫరాది. రోమ్ జనాభా పది లక్షల దరిదాపుల్లో ఉండేదని పండితుల అంచనా. దీపానికీ వంటకూ స్నానశాలల్లో ఒంటికి రాసుకోవడానికీ నూనె కావాలి. ధాన్యం, నూనె నగరానికి చేరేటట్టు చూడడానికి అన్నోనా అనే సర్కారు శాఖ ఉండేది, దానికో పెద్ద అధికారి. 193లో గద్దెనెక్కిన సెప్టిమియస్ సెవెరస్ నూనెను ఉచితంగా పంచే ఏర్పాటు చేశాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఆయన కాలంలో జాడీల మీది రాత హఠాత్తుగా మారిపోతుంది. వ్యాపారి పేరుండే చోట సెవెరస్ పేరు, ఆయన కొడుకులు కారకల్లా, గేటాల పేర్లు వస్తాయి. ఆ తర్వాత కొన్నేళ్ళు చక్రవర్తుల పేర్లు కూడా పోయి, బెటికా రాష్ట్రపు సర్కారు ఖజానా అనే రాత ఉంటుంది. అలెగ్జాండర్ సెవెరస్ కాలానికి మళ్ళీ వ్యాపారులు కనిపిస్తారు. ఎందుకిలా జరిగింది? సెవెరస్‌కు ఎదురు తిరిగిన అల్బీనస్ 197లో ఓడిపోయాక, అతని పక్షం చేరిన స్పెయిన్ ప్రముఖులు ప్రాణాలూ ఆస్తులూ పోగొట్టుకున్నారు. రెండింటికీ సంబంధం ఉందని చాలామంది అంటారు. నాకూ ఉందనే అనిపిస్తుంది. అయితే తోటలు జప్తు చేయడం వేరు, ఓడల కిరాయి వ్యవహారాన్ని సర్కారు తన చేతిలోకి తీసుకోవడం వేరు. ఆ రాతలున్నది ఎగుమతిదారు పేరుండే చోట. కాబట్టి మారింది ముందుగా రవాణా అని చెప్పడమే పెంకు ఒప్పుకునే మాట. భూముల సంగతి దానిమీద మనం కట్టే ఊహ.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇంత పెద్ద రుజువు కళ్ళెదుట ఉంటే మనిషి తబ్బిబ్బవుతాడు. రోమ్ ప్రజలు ప్రధానంగా నూనె తాగి బతికారా అనిపించేటట్టు ఉంటుంది ఈ గుట్ట. నూనె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బరువున్న సరుకు ధాన్యం. ఈజిప్టు నుంచి, ఆఫ్రికా నుంచి ఏటేటా వచ్చిన ఆ ధాన్యానికి ఇలాంటి కొండ లేదు. సంచీలు కుళ్ళిపోయాయి, గింజలు తినేశారు. ద్రాక్షసారా జాడీలు మళ్ళీ వాడుకున్నారు, గోడల్లో, పునాదుల్లో వేశారు. అంటే మనకు మిగిలింది ఎక్కువగా వచ్చిన సరుకు గుర్తు కాదు, తిరిగి వాడుకోలేని పాత్ర గుర్తు. చరిత్రకారుడు మోజెస్ ఫిన్లీ 1973లో ప్రాచీన ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాసి, ఆనాటి వర్తకాన్ని ఇప్పటి మార్కెట్ లాగా ఊహించుకోవద్దన్నాడు. ఆయన్ను ఖండించేవాళ్ళు ఈ గుట్టనే చూపిస్తారు. ఇంత నూనె కదిలిందంటే మార్కెట్ లేకుండానా అని. కదిలించింది చాలావరకు సర్కారు అవసరం కదా అని ఫిన్లీ వైపువాళ్ళు అంటారు. కానీ జాడీ మీద వ్యాపారి పేరుంది, సర్కారు తనిఖీ ఉంది, రెండూ ఒకే భుజం మీద ఉన్నాయి. ఈ వాదంలో గుట్ట ఎవరి పక్షమూ పూర్తిగా పలకదు.

దాని తర్వాతి బతుకు గురించి ముక్తసరిగా చెబుతాను. మూడో శతాబ్దం మూడో పాదంలో పెంకులు పోయడం ఆగింది. అప్పుడే అరీలియన్ చక్రవర్తి నగరం చుట్టూ గోడ కట్టించాడు, స్పెయిన్ నూనె దెబ్బతిని ఆఫ్రికా నూనె పైచేయి అయింది. మధ్యయుగాల్లో కార్నివాల్ పండుగకు బండ్లలో పందులను ఎక్కించి గుట్ట మీంచి దొర్లించేవారు. ఇంకో రోజు అదే గుట్ట మీద శిలువ నిలిపి, దాన్ని ఏసును శిలువ వేసిన గోల్గొతాగా భావించేవారు. పెంకుల సందుల్లో గాలి ఆడి లోపల చల్లగా ఉంటుందని కనిపెట్టినవాళ్ళు పక్కలను తొలిచి సారా కొట్లు పెట్టారు. ఇప్పుడవి హోటళ్ళు. కొన్నిటిలో అద్దం వెనక పెంకుల గోడ కనిపిస్తూ ఉంటుంది, దాని పక్కన బల్ల వేసుకొని భోంచేయవచ్చు. 1849లో గారిబాల్డీ సేనలు ఫ్రెంచివారి మీదకు ఫిరంగులు ఇక్కణ్ణించే పేల్చాయి. ఇక తవ్వకాల సంగతి: రోడ్రీగెస్ అల్మెయిదా అనే పండితుడు డ్రెసెల్ పనిని 1960ల చివర్లో మళ్ళీ అందుకున్నాడు. 1989 నుంచి బ్లాస్కెస్, రెమెసాల్‌ల నాయకత్వంలో స్పెయిన్ బృందం తవ్వింది. నూనె బయల్దేరిన దేశం వాళ్ళే రోమ్‌కు వచ్చి తమ పెంకులు లెక్కబెట్టుకున్నారు.

ఇక మన సంగతి. తెలుగు నేల మీద రోమన్ వస్తువులంటే మనకు గుర్తొచ్చేది నాణేలు. నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధి, నాగార్జునకొండ బంగారు నాణేలు, వినుకొండ నిధి. ఆ వినుకొండ నిధిలో చివరి చక్రవర్తి కారకల్లా. ఆ పేరే రోమ్ గుట్టలో జాడీల మీద సిరాతో రాసి ఉంది. ఇద్దరు కారకల్లాలూ ఒకే మనిషి, కానీ ఇద్దరు చెప్పే సాక్ష్యం ఒకటి కాదు. నాణెం ఎవరో కావాలని దాచుకున్నది. ఎన్ని చేతులు మారి ఎన్నేళ్ళకు ఇక్కడికి చేరిందో దాని ముఖం మీద ఉండదు. కొన్ని నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు మాత్రం ఉంటుంది. రోమ్‌లో మన దేశపు మిరియాలకని డొమీషియన్ చక్రవర్తి కట్టించిన గోదాముల శిథిలాలు నగరం నడిబొడ్డున బయటపడ్డాయి. పెరిప్లస్ అనే సముద్రయాన గ్రంథం రాసినవాడు కృష్ణా ముఖద్వారపు సీమను మసాలియా అన్నాడు, అక్కడ సన్ననేత బట్ట విరివిగా తయారవుతుందన్నాడు. ఆ బట్ట చిరిగి మట్టయింది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పురావస్తువేత్త వీలర్ 1945లో తవ్వినప్పుడు దొరికినవాటిలో జాడీ పెంకులూ ఉన్నాయి. తర్వాత వాటిని ఎలిజబెత్ విల్ ముక్క ముక్కగా చూసి, ద్రాక్షసారావి ఏవో, నూనెవి ఏవో విడదీసింది.

మన ఊళ్ళ పక్కన పాటిదిబ్బలున్నాయి. పాటిమన్ను పొలానికి బలమని తరాలుగా బండ్లకెత్తి తోలుకుపోయారు. రైతును తప్పుపట్టను, ఆయనకది ఎరువే. కానీ ఆ మన్నులో బంగారు నాణెం దొరికితే వార్త పత్రికకెక్కుతుంది, పెంకులు గట్టు మీద పారేస్తారు. తవ్వకాల్లోనూ నాణెం కొలతలు అచ్చవుతాయి, అంచు లేని పెంకులు చాలాసార్లు గంపలెక్కకే పరిమితం. టెస్టాచో మీద పనిచేసినవాళ్ళు భుజం ముక్కను కూడా తిప్పి చూశారు, రాత ఉండేది అక్కడే కాబట్టి. మన పెంకుల మీద అలాంటి సిరా రాత లేకపోవచ్చు. కానీ గోడలో ఇంకిన పదార్థం ఉంటుంది, దాన్ని ఇప్పుడు ప్రయోగశాలలో పరీక్షించవచ్చు, కడగకుండా దాచిపెడితే.

చివరగా ఒక మనిషి పేరు చెబుతాను. సెవిల్ నగరంలో హిరాల్డా అనే పెద్ద గోపురం ఉంది. పన్నెండో శతాబ్దంలో ముస్లిం పాలకులు మసీదు మీనారుగా కట్టించారు, తర్వాత చర్చి గంటల గోపురమైంది. దాని పునాది గోడలో పాత రోమన్ రాళ్ళు వాడుకున్నారు. వాటిలో ఒకటి సెక్స్టస్ యూలియస్ పొస్సెస్సర్ అనే అధికారి గౌరవార్థం చెక్కించిన శాసనం. ఆయన చేసిన కొలువులన్నీ అందులో వరసగా ఉన్నాయి. అన్నోనా పెద్ద అధికారికి సహాయకుడుగా ఆఫ్రికా నూనె, స్పెయిన్ నూనె లెక్కలు తనిఖీ చేయడం, సరుకు తరలింపు చూడడం, ఓడల యజమానులకు కిరాయి చెల్లించడం. జాడీ పిడి పక్కన గుమస్తా గిలికిన ఆ అంకెలు చేరేది ఇలాంటివాడి బల్ల మీదకే. శాసనం వేయించింది మాత్రం కోటీశ్వరులు కాదు, సెవిల్ నదిలో పడవలు నడిపేవాళ్ళ సంఘం. ఎందుకు వేయించారో కూడా చెక్కారు. ఆయన చెయ్యి శుభ్రమైనదని, ఆయన న్యాయం అసాధారణమైనదని. పడవవాళ్ళు అసాధారణం అనే మాట వాడడానికి ముందు ఎందరు అధికారులను చూసి ఉంటారో, వాళ్ళ కిరాయిలో ఎంతెంత కోత పడి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఆ సంగతి రాసిన రాయి మాత్రం ఎక్కడా దొరకలేదు.